పాత ఐర్లండ్ ప్రాంతీయ రాజుల దాయాది పోరు: తరచుగా అడిగే ప్రశ్నలు

పాత ఐర్లండ్ రాజుల మాట ఎత్తితే చాలు, అవే సందేహాలు మళ్ళీ మళ్ళీ వస్తున్నాయి. పెద్దకొడుకు ఏమయ్యాడు, అన్నదమ్ములు కళ్ళెందుకు పొడుచుకున్నారు, హై కింగ్ అంటే ఎవరు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పేకన్నా అన్నీ ఒకచోట పెడితే మేలనిపించి ఇది రాశాను. కాలం దాదాపు క్రీ.శ. 600 నుంచి 1200 దాకా. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళిపోవచ్చు. పేర్లు పాత ఐరిష్ పలుకుకు దగ్గరగా రాశాను. ఓకానర్, మాక్‌మరో లాంటివి మాత్రం అందరికీ అలవాటైన రూపంలోనే ఉంచాను.

ఈ గొడవల్ని నియమం తెలియని వాళ్ళ కొట్లాటలుగా కొట్టిపారేస్తుంటారు. అది అన్యాయమని నా అభిప్రాయం. అక్కడ నియమం ఉంది. ఒకే కుర్చీకి ఒకేసారి పదిమందికి హక్కు ఇచ్చిన నియమం అది.

## మొదట తెలుసుకోవాల్సినవి

ప్రాంతీయ రాజు అంటే ఎవరు? హై కింగ్ వేరా?

అప్పటి ఐర్లండ్‌లో ఒకే సమయంలో నూరుకు పైగా చిన్న రాజ్యాలుండేవి. ఒక్కోదాన్ని తూఅథ్ అనేవారు. మన లెక్కలో రెండు మూడు మండలాలంత ఉంటుంది. ప్రతి తూఅథ్‌కూ ఒక రాజు. అలాంటి కొందరు రాజులు ఒక పైరాజుకు లోబడేవారు, ఆ పైరాజులు ప్రాంతీయ రాజుకు లోబడేవారు. మన్‌స్టర్, లెన్‌స్టర్, కొనాక్ట్, అల్‌స్టర్, మీథ్ ఇలాంటి పెద్ద రాజ్యాలు. లోబడడమంటే పశువుల్ని కప్పంగా ఇవ్వడం, కొడుకుల్ని బందీలుగా పంపడం, పిలిచినప్పుడు సైన్యంతో వెళ్ళడం.

హై కింగ్ అని మనం అనేది ఎక్కువగా తారా (మీథ్‌లోని ఒక పవిత్రమైన గుట్ట) రాజుని. ఆ బిరుదుకు గౌరవం చాలా ఎక్కువ. కానీ దేశమంతటా పన్ను వసూలు చేసి, అధికారుల్ని పెట్టి పాలించిన రాజు ఈ కాలంలో ఎవరూ లేరు. ఎంత గొప్ప రాజైనా సొంత బలం ఆయన సొంత ప్రాంతంలోనే. అక్కడ కాలు జారితే పైనున్న బిరుదు నిలవదు. అందుకే ప్రాంతీయ రాజ్యాల వారసత్వ గొడవలు అంత ముఖ్యం.

పెద్దకొడుకే కదా రాజవ్వాలి? ఇక్కడ అలా ఎందుకు లేదు?

పెద్దకొడుకుకే రాజ్యం అన్న పద్ధతి అప్పటి ఐరిష్ చట్టంలో లేదు. పెద్దవాడు కావడం ఒక మంచి గుణం, అంతే. దానితో పాటు చూసేవి చాలా ఉన్నాయి: తండ్రి తాతలు రాజులా, ఒంట్లో లోపం లేదా, యుద్ధంలో నడిపించగలడా, ఇంటికొచ్చినవాళ్ళకు పెట్టగలడా, వెంట నడిచేవాళ్ళు ఎంతమంది. ఈ యోగ్యతనంతా కలిపి ఫెవస్ అనేవారు.

రాజు అంటే ముందు సైన్యాన్ని నడిపేవాడు, తర్వాత తగవు తీర్చేవాడు. పాలనను నడపడానికి పెద్ద ఉద్యోగ వ్యవస్థ లేదు. పసివాణ్ణి కూర్చోబెట్టి మంత్రులు రాజ్యం నడపడం అక్కడ సాధ్యం కాదు. చనిపోయిన రాజుకు పదేళ్ళ కొడుకు, ముప్ఫై ఏళ్ళ తమ్ముడు ఉంటే తూఅథ్ తమ్ముడి వైపే చూస్తుంది.

దెర్బ్‌ఫినె అంటే మన దాయాదుల లాంటిదేనా?

చాలా దగ్గర. దెర్బ్‌ఫినె అంటే ఒకే ముత్తాత నుంచి మగవాళ్ళ వరుసలో దిగిన కుటుంబమంతా: కొడుకులు, మనవలు, మునిమనవలు. భూమి పంపకాలు ఈ పరిధిలోనే జరిగేవి. రాజ్యానికి కూడా ఇదే పరిధి అని 20వ శతాబ్దం మొదట్లో ఓయిన్ మాక్‌నీల్ అనే చరిత్రకారుడు వాదించాడు. ఆయన లెక్క ప్రకారం రాజు మునిమనవడి దాకా అందరికీ అర్హత ఉంది.

తర్వాత దొన్నఖ ఓ కోరాన్ రాజుల జాబితాలనూ వంశావళులనూ పక్కపక్కన పెట్టి చూసి, 1971లో దీన్ని సవరించాడు. కాగితం మీద హక్కు ఎంతమందికి ఉన్నా, నిజంగా గెలిచినవాళ్ళు ఎక్కువగా రాజుల కొడుకులేనని చూపించాడు. నాకు ఈ రెండో మాటే సబబనిపిస్తుంది. మునిమనవడికి హక్కుంది సరే, ఆ హక్కును నిలబెట్టే పశువులూ మనుషులూ అప్పటికి అతని చేతిలో ఉండరు.

మూడు తరాల లెక్క అంటారు, ఏమిటది?

మొత్తం విషయానికి తాళంచెవి ఇదే. రాజయ్యే యోగ్యత ఉన్నవాణ్ణి రీగ్‌దమ్నా అనేవారు. ఆ మాటకు అర్థం "రాజును మలచగల ముడిసరుకు". ఈ యోగ్యత ఎప్పటికీ ఉండేది కాదు. మీ నాన్న రాజు కాకపోతే బలం తగ్గుతుంది. తాత కూడా కాకపోతే ఇంకా తగ్గుతుంది. ముత్తాత దాకా వెనక్కి వెళ్ళినా రాజు కనబడకపోతే మీ శాఖ వరుసలోంచి జారిపోయి మామూలు ప్రభువుల కుటుంబంగా మిగులుతుంది.

దీన్ని ఒక తండ్రి మనసుతో ఆలోచించండి. నేను రాజును కాలేదంటే పోయేది నా పదవి ఒక్కటే కాదు, నా మనవడి అవకాశం కూడా. ఆ టెన్షన్ ప్రతి శాఖకూ ఉంది. సర్దుకుపోయినవాడు తన పిల్లల్ని ముంచినట్టే. అనల్స్‌లో, అంటే మఠాల్లో ఏటేటా రాసిన చరిత్ర నమోదుల్లో, కనిపించే అన్నదమ్ముల హత్యల్లో ఎన్నిటి వెనకో ఈ భయం ఉందని నేను నమ్ముతాను.

'ఓ', 'మాక్' అంటే ఏమిటి? వారసత్వంతో సంబంధం ఉందా?

మాక్ అంటే కొడుకు. ఓ అన్నది పాత ఐరిష్‌లో ఉఅ, అంటే మనవడు. దాని బహువచనమే ఉయి: ఉయి నేల్ అంటే నియల్ వారసులు. పదో శతాబ్దం నుంచి ఇవి స్థిరమైన ఇంటిపేర్లుగా మారాయి. 956లో తారా రాజైన దోనల్ ఉఅ నేల్ నిజంగానే 919లో చనిపోయిన నియల్ గ్లూన్‌దువ్‌కు మనవడు. మన్‌స్టర్ రాజు బ్రయన్ బోరు సంతతి ఓబ్రయన్లయ్యారు.

వారసత్వంతో సంబంధం ఉంది. "మేం ఫలానా రాజు మనవలం" అని ఇంటిపేరులోనే చెప్పుకోవడం రాజ్యం మా ఇంటిదే అని చాటడం కూడా. దూరపు దాయాదులు ఆ పేరు బయటే ఉండిపోతారు.

## రాజు బతికుండగా

రాజు బతికుండగానే వారసుణ్ణి ప్రకటించొచ్చు కదా?

ప్రకటించేవారు. అలా ఎదురుచూసే వారసుణ్ణి తానిషె రీగ్ అనేవారు. దాదాపు 700లో రాసిన ఒక చట్టగ్రంథం ఆ మాటను వివరిస్తూ, ఎదురు లేకుండా ఇతడే రాజు కావాలని తూఅథ్ అంతా ఎదురుచూస్తుంది కాబట్టి ఆ పేరు అంటుంది. ఇందులో గమనించాల్సింది "ఎదురు లేకుండా" అన్న షరతు. రాజు పేరు చెప్పినంత మాత్రాన సరిపోదు, మిగతావాళ్ళు ఒప్పుకోవాలి.

పైగా వారసుడికి ముందే బలం ఇస్తే అతను తండ్రి మీదికే తిరగొచ్చు. మీథ్ రాజు ఫ్లాన్ షిన్నా మీద 915లో సొంత కొడుకులు దొన్నఖద్, కొన్‌ఖొవర్ తిరగబడ్డారు. ఉత్తరాది నుంచి నియల్ గ్లూన్‌దువ్ వచ్చి వాళ్ళను లొంగదీసి తండ్రికి విధేయులుగా ఉంటామని ఒప్పించాడు. మరుసటి ఏడాది ఫ్లాన్ చనిపోతే తారా రాజైనవాడు ఆ నియలే.

పన్నెండో శతాబ్దంలో కొనాక్ట్ రాజు తర్లో ఓకానర్ ఇంకో దారి పట్టాడు. కొడుకు కొన్‌ఖొవర్‌ను 1126లో డబ్లిన్‌కు రాజుగా పంపాడు, తర్వాత మీథ్ మీద కూర్చోబెట్టాడు. 1144లో మీథ్ మనిషి ఒకడు అతణ్ణి చంపేశాడు. మా నేలకు పరాయివాడు రాజేమిటని అతని కోపం. ఇక్కడ రాజు మనసు ఎంత గట్టిదైనా నేల ఒప్పుకోలేదు.

రాజుకు అంతమంది భార్యలా? మరి ఎవరి కొడుక్కి హక్కు?

చర్చి ఎంత మొత్తుకున్నా పాత ఐరిష్ చట్టం ఒకరికన్నా ఎక్కువ భార్యల్ని, విడాకుల్ని, మళ్ళీ పెళ్ళిని ఒప్పుకుంది. పెద్ద భార్యను కేత్‌ముంతిర్ అనేవారు, ఆమెకు ప్రత్యేక హక్కులుండేవి. అయితే కొడుకు విషయంలో ముఖ్యం తండ్రి ఒప్పుకోవడం. తండ్రి "వీడు నావాడు" అంటే చాలు, పోటీలో ఉన్నట్టే. అందువల్ల ఒక్కో రాజు వెనక వేర్వేరు తల్లుల కొడుకులు, ఒక్కొక్కరికీ వేరే మేనమామలు, వేరే బలగం. పోటీదారుల సంఖ్య అంతగా పెరగడానికి ఇదొక పెద్ద కారణం.

తల్లి తరఫువాళ్ళకి ఏ పాత్రా లేదా?

హక్కు తండ్రి వైపు నుంచే వస్తుంది. కానీ గెలవడానికి తల్లివైపు వాళ్ళు, పెంచినవాళ్ళు కావాలి. ప్రభువుల పిల్లల్ని చిన్నప్పుడే ఇంకో ఇంటికి పెంపకానికి పంపేవారు. ఆ పెంపుడు తండ్రి, అతని కొడుకులు జీవితాంతం అండగా నిలిచేవారు. సొంత అన్నదమ్ములు పోటీదారులు, పెంపకపు అన్నదమ్ములకు ఆ పోటీ లేదు. ఎవరి మీద నమ్మకం ఎక్కువుంటుందో ఊహించవచ్చు.

మంచి ఉదాహరణ కొంగలఖ్ క్నోగ్వా. న్యూగ్రేంజ్ పక్కనున్న నౌత్ అతని స్థావరం. అతని వంశం నుంచి ఆఖరి తారా రాజు 728లో చనిపోయాడు. 944లో, అంటే 216 ఏళ్ళ తర్వాత, కొంగలఖ్ మళ్ళీ ఆ బిరుదు దక్కించుకున్నాడు. వరుసలోంచి ఎప్పుడో జారిపోవాల్సిన శాఖ అది. కానీ అతని తల్లి లీగఖ్ తారా రాజు ఫ్లాన్ షిన్నా కూతురు.

ఒంట్లో లోపం ఉంటే రాజు కాకూడదా?

కాకూడదని నియమం. రాజు ఒళ్ళు, నేల ఒళ్ళు ఒకటేనన్న నమ్మకం దాని వెనక ఉంది. రాజు సరైనవాడైతే పంట పండుతుంది, ఆవులు పాలిస్తాయి, నదుల్లో చేపలుంటాయి. రాజులో లోటుంటే నేలలో లోటు వస్తుంది.

దీనికి ఎప్పుడూ చెప్పే కథ అల్‌స్టర్ రాజు కొంగల్ కైఖ్‌ది. కైఖ్ అంటే ఒంటికన్నువాడు. తేనెటీగల గురించిన ఒక పాత చట్టగ్రంథం ప్రకారం, తేనెటీగ కుట్టి ఆయన కన్ను పోయింది, దాంతో తారా రాజ్యం నుంచి తొలగించారు. తేనెటీగల చట్టంలో ఇంత పెద్ద రాజకీయ విషయం దాగి ఉండడం నాకు ఎప్పటికీ ఆశ్చర్యమే. ఎక్కువమంది వదిలేసే విషయం ఇంకొకటుంది: తారా పోయినా కొంగల్ సొంత అల్‌స్టర్‌కు రాజుగానే ఉన్నాడు. 637లో మాగ్ రాథ్ యుద్ధంలో చనిపోయేదాకా ఒంటికన్నుతోనే ఏలాడు. కాబట్టి ఆ నియమం రాయి మీద గీత కాదు. శత్రువులకు బలం ఉన్నచోట అది ఆయుధమైంది.

## రాజు పోయాక

ఓటింగ్ లాంటిది ఉండేదా? ఎవరు ఎన్నుకునేవారు?

మనం అనుకునే ఓటింగ్ లేదు. ముఖ్యమైన ప్రభువులు, లోబడ్డ చిన్న రాజులు, చర్చి పెద్దలు కలిసేవారు. అక్కడ చేతులెత్తి లెక్కపెట్టడం ఉండదు. ఎవరి వెనక ఎవరున్నారో అప్పటికే అందరికీ తెలిసి ఉంటుంది. ఆ సభ జరిగిపోయిన బేరాన్ని బహిరంగంగా ఒప్పుకునే చోటు.

ఆ తర్వాత అసలు పరీక్ష ఒకటుంది. కొత్త రాజు వెంటనే సైన్యంతో బయల్దేరి ఒక దండయాత్ర చేసి, పశువుల్ని తోలుకొచ్చి, లోబడ్డవాళ్ళ దగ్గర బందీలను తీసుకునేవాడు. సంకెళ్ళలో బందీలు లేనివాడు రాజే కాదని పాత చట్టవాక్యం. బందీలొచ్చారంటే ఎన్నిక పూర్తయినట్టు.

పట్టాభిషేకం ఎక్కడ, ఎలా జరిగేది?

కోటల్లో కాదు, గుట్టల మీద. ఒక్కో వంశానికి ఒక్కో పవిత్రమైన చోటు: ఓనీల్ వంశానికి తల్లఖోగ్, కొనాక్ట్ ఓకానర్లకు కార్న్‌ఫ్రీ, బ్రయన్ బోరు వంశమైన దాల్ కాష్‌కు క్లేర్ జిల్లాలోని మాగ్ అదర్. రాజు రాయి మీదో దిబ్బ మీదో నిలబడితే, తరతరాలుగా ఆ హక్కున్న కుటుంబం పెద్ద అతని చేతికి ఒక తెల్లని బెత్తం ఇచ్చేవాడు. వంశావళి చదివేవారు.

ఆ చోట్లలో పెద్ద చెట్లుండేవి. శత్రువు కసి తీర్చుకునేది వాటి మీదే. 980ల మొదట్లో మీథ్ రాజు మైల్ షెఖ్‌నల్ వెళ్ళి మాగ్ అదర్ చెట్టును వేళ్ళతో సహా పెకలించి నరికించాడు. 1111లో అల్‌స్టర్ సైన్యం తల్లఖోగ్ చెట్లు నరికితే, అవతలివాళ్ళు వేల పశువుల్ని తోలుకెళ్ళి పగ తీర్చుకున్నారు. చెట్టు కొట్టడమంటే "మీ రాజుకు ఇక నిలబడే నేల లేదు" అని చెప్పడం.

తెల్లగుర్రాన్ని చంపి ఆ పులుసులో రాజు స్నానం చేసేవాడట, నిజమేనా?

ఈ మాట రాసింది వేల్స్ నుంచి వచ్చిన జెరాల్డ్ అనే మతాధికారి, 1180లలో. ఇంగ్లండ్ రాజుకు లోబడి ఐర్లండ్‌ను ఆక్రమించిన నార్మన్ కుటుంబాల్లో ఆయన బంధువులున్నారు. ఐరిష్‌వాళ్ళు మొరటువాళ్ళని చూపించడం ఆయనకు అవసరం. కాబట్టి పన్నెండో శతాబ్దపు క్రైస్తవ రాజు ఇలా చేశాడని దాన్నిబట్టి నమ్మలేం. అలాగని పూర్తిగా కట్టుకథ అని కొట్టేయడమూ కష్టం. గుర్రం, రాజ్యాధికారం కలిసిన క్రతువు మన అశ్వమేధంలో కూడా ఉంది కాబట్టి, చాలా పాత ఆచారం తాలూకు జ్ఞాపకం ఇందులో మిగిలి ఉండొచ్చని పండితులు పోల్చి చూశారు.

లెన్‌స్టర్‌లో మూడు శాఖలు వంతులవారీగా ఏలాయంటే ముందే ఒప్పందం ఉందా?

రాసుకున్న ఒప్పందం లేదు. అది ఎలా పుట్టిందో చూస్తే అర్థమవుతుంది.

లెన్‌స్టర్ రాజు ముర్‌ఖద్ మాక్ బ్రన్ 727లో చనిపోయాడు. ఏడాది తిరక్కుండా 728లో అతని కొడుకులిద్దరు ఐలెన్ గుట్ట దగ్గర యుద్ధానికి దిగారు. అల్‌స్టర్ అనల్స్ దాన్ని కొద్ది మాటల్లో ముగిస్తుంది: పెద్దవాడు దూన్‌ఖద్ హతుడయ్యాడు, చిన్నవాడు ఫైలాన్ ఏలుతున్నాడు. ఫైలాన్ అక్కడితో ఆగలేదు. చనిపోయిన అన్న భార్యను, మన్‌స్టర్ రాజు కాథల్ మాక్ ఫింగినె కూతురిని, పెళ్ళి చేసుకున్నాడు. మన్‌స్టర్ స్నేహం చేజారకూడదు కదా.

738లో ఫైలాన్ పోయాడు. అదే ఏడాది ఉత్తరాది నుంచి వచ్చిన తారా రాజు ఐద్ అల్లాన్ చేతిలో లెన్‌స్టర్ సైన్యం ఆథ్ షెనగ్ దగ్గర ఘోరంగా ఓడింది. దక్షిణ లెన్‌స్టర్‌కు చెందిన ప్రత్యర్థి వంశం ఉయి కెన్సెలగ్ రాజు కూడా అందులో చనిపోయాడు. మిగిలింది ముర్‌ఖద్ సంతానం. దూన్‌ఖద్, ఫైలాన్, మురెదఖ్ అనే ముగ్గురు సోదరుల పేర్ల మీద మూడు శాఖలు ఏర్పడ్డాయి. వరుసగా లయన్స్ హిల్, నేస్, మల్లఖ్‌మాస్ట్ వాళ్ళ స్థావరాలు. అన్నీ కిల్డేర్ మైదానంలో, ఒకదానికొకటి ఒక రోజు నడక దూరంలోనే.

అక్కడి నుంచి 1042 దాకా, మూడు వందల ఏళ్ళకు పైగా, రాజ్యం ఈ మూడు ఇళ్ళ మధ్యే తిరిగింది. ఏ శాఖకూ మిగతా రెండింటిని ఒకేసారి అణిచే బలం లేదు. ఒక శాఖవాడు రాజైతే మిగతా ఇద్దరూ అతను పోయేదాకా కాచుకుని, అతని కొడుకు కుదురుకోకముందే లేచేవారు. బయటి నుంచి చూస్తే వంతులు. లోపల ప్రతి వంతుకూ ఒక కొట్లాటో బేరమో ఉంది. అయినా ఈ తూకం మూడు శతాబ్దాలు నిలబడిందంటే అది అరాచకం కాదు. చివరికి 1042లో దక్షిణం నుంచి ఉయి కెన్సెలగ్ వంశపు దియర్‌మద్ మాక్ మైల్ న మో వచ్చి ముగ్గురినీ పక్కకు నెట్టాడు.

తారా కూడా రెండు వంశాల మధ్యే తిరిగిందా?

అవును. 734 నుంచి 1002 దాకా ఉత్తరాన కెనేల్ ఓగన్, మీథ్‌లో క్లాన్ కొల్మాన్, ఈ రెండు వంశాలే దాదాపు ఒకటి విడిచి ఒకటిగా తారా రాజుల్నిచ్చాయి. మధ్యలో 944 నుంచి 956 దాకా ఒక్క కొంగలఖ్ మాత్రమే మూడో ఇంటివాడు. నష్టపోయింది కెనేల్ కొనల్ వంశం. 734లో వాళ్ళ రాజు ఫ్లైవర్తఖ్ గద్దె దిగాక వాళ్ళకు మళ్ళీ ఆ బిరుదు రాలేదు. 789లో క్లోతెఖ్ యుద్ధంలో ఓడిపోయాక ఉత్తరాదిలో కూడా వెనకబడ్డారు.

## గొడవ ముదిరాక

కళ్ళు పొడిచేవారెందుకు? చంపొచ్చుగా?

ఒళ్ళు లోపమున్నవాడు రాజు కాకూడదు. కాబట్టి కళ్ళు తీస్తే పోటీదారు బతికుండగానే పోటీ ముగుస్తుంది. సొంత రక్తాన్ని చంపిన పాపం అంటదు. బంధుహత్యను ఐరిష్ చట్టం అన్నిటికన్నా ఘోరంగా చూసింది, ఎందుకంటే చంపినవాడూ పరిహారం అందుకోవాల్సినవాళ్ళూ ఒకే ఇంటివాళ్ళు, ఆ తప్పు దిద్దే దారే లేదు.

మీథ్ రాజు దొన్నఖద్ దొన్ 919లో తన సోదరుడు ఐద్ కళ్ళు తీయించాడు. రెండేళ్ళకు ఇంకో సోదరుడు దోనల్‌ను చంపించాడు. 1092లో కొనాక్ట్ రాజు రోరీ ఓకానర్‌ను, అంటే ఆఖరి హై కింగ్ రోరీకి తాతను, సామంతుడు ఫ్లైవర్తఖ్ ఓఫ్లాహర్టీ గుడ్డివాణ్ణి చేశాడు. 1141లో లెన్‌స్టర్ రాజు డెర్మట్ మాక్‌మరో ఒక్క ఏడాదిలోనే 17 మంది ప్రముఖుల్ని చంపించో కళ్ళు తీయించో తన దారి చదును చేసుకున్నాడు.

అనల్స్ రాసిన సన్యాసులు ఒక్కోదానికి ఒక్క వాక్యం కేటాయించారు. గుడ్డివాడై మఠం గోడ పక్కన ఇంకో ఇరవై ముప్ఫై ఏళ్ళు బతికిన మనిషి ఆ వాక్యంలో కనబడడు. చదివేటప్పుడు ఒక్క క్షణం ఆగి అతన్నీ తలుచుకోవాలని నా కోరిక.

గొడవెందుకు, రాజ్యాన్ని పంచుకోవచ్చు కదా?

పంచుకున్నారు, నిలవలేదు. మన్‌స్టర్ రాజు తర్లో ఓబ్రయన్ 1086లో పోతే రాజ్యాన్ని ముగ్గురు కొడుకులకు మూడు భాగాలు చేశారు. నెల తిరక్కుండా తాయ్గ్ చనిపోయాడు. ముర్‌ఖెర్తఖ్ తమ్ముడు దియర్‌మద్‌ను వెళ్ళగొట్టి అంతా తీసుకున్నాడు. 1114లో ముర్‌ఖెర్తఖ్‌కు జబ్బు చేసి లేవలేకపోతే, దియర్‌మద్ తిరిగొచ్చి పీఠం ఎక్కాడు. ఇరవై ఎనిమిదేళ్ళ తర్వాత కూడా ఆ పంపకం మర్చిపోలేదు.

బయటివాడు చేసిన పంపకం మాత్రం గట్టిగా నిలిచింది. 1118లో కొనాక్ట్ రాజు తర్లో ఓకానర్ మన్‌స్టర్‌ను రెండు ముక్కలు చేసి దక్షిణం మెకార్తీలకు, ఉత్తరం ఓబ్రయన్లకు ఇచ్చాడు. శత్రువును బలహీనపరచడానికి వాళ్ళ దాయాది తగాదానే వాడుకున్నాడు.

చర్చి ఏం చేస్తుండేది?

చర్చి పెద్దలు ఒప్పందాలకు హామీ ఉండేవారు. ఆ హామీ తప్పితే ఎంతటివాడికైనా దెబ్బే. 1166లో అల్‌స్టర్ రాజు ఓఖిద్‌కు ప్రాణభయం లేదని అర్మా ఆర్చిబిషప్, ఎయిర్‌గియల్లా రాజు దొన్నఖద్ ఓకారల్ మాట ఇచ్చి ఉండగానే, హై కింగ్ ముర్‌ఖెర్తఖ్ మాక్‌లాక్లన్ అతని కళ్ళు తీయించాడు. హామీగా నిలబడ్డ ఓకారల్ ఎదురుతిరిగాడు. సొంతవాళ్ళు కూడా వదిలేశారు. అదే ఏడాది ముర్‌ఖెర్తఖ్ కొద్దిమంది మధ్య చనిపోయాడు.

నిరాహార దీక్ష కూడా ఒక ఆయుధం. ట్రొస్కద్ అంటే తప్పు చేసినవాడి ముందు ఉపవాసం ఉండి న్యాయం అడగడం, మన ధర్నా లాంటిది. కొనాక్ట్ రాజు తర్లో ఓకానర్ 1143లో కొడుకు రోరీని బంధిస్తే, విడిపించమని కొనాక్ట్ మతపెద్దలు ఉపవాసం చేశారు. మరుసటి ఏడాది రోరీ బయటికొచ్చాడు.

అలాగని చర్చి పోటీకి బయట లేదు. మన్‌స్టర్‌లో మతపెద్దలే రాజులయ్యారు. బిషప్ కోర్మక్ మాక్ కులెనాన్ 902 నుంచి ఏలి 908లో బెలఖ్ ముగ్నా యుద్ధంలో చనిపోయాడు. పెద్ద శాఖలు ఒకదానినొకటి ఒప్పుకోనప్పుడు పిల్లలులేని బిషప్ అందరికీ తట్టుకోదగ్గ మనిషి అయ్యాడని నా ఊహ.

హక్కే లేనివాడు గెలిస్తే ఏం చేసేవారు?

వంశావళి తిరగరాసేవారు. మన్‌స్టర్ కాషెల్ పీఠం ఓగనఖ్త వంశాలది. 964లో దాల్ కాష్ అనే చిన్న వంశపు మాథ్‌గవన్ దాన్ని పట్టుకున్నాడు. 976లో ఓగనఖ్త రాజు మైల్ మువద్ అతణ్ణి చంపిస్తే, తమ్ముడు బ్రయన్ 978లో బెలఖ్ లెఖ్త దగ్గర మైల్ మువద్‌ను చంపి రాజ్యం తీసుకున్నాడు. ఆ బ్రయనే బ్రయన్ బోరు. దాల్ కాష్ ఆదిపురుషుడూ ఓగనఖ్త ఆదిపురుషుడూ అన్నదమ్ములేనని, మన్‌స్టర్‌ను మార్చిమార్చి ఏలాలని తండ్రే చెప్పాడని కొత్త వంశావళి వచ్చింది. నియమం లేకపోతే ఈ శ్రమ అక్కర్లేదు. కత్తితో గెలిచినవాడు కూడా నేను దాయాదినేనని నిరూపించుకోవాల్సి వచ్చింది.

ఆ ఇల్లు కూడా అదే దారిన పడింది. 1014 ఏప్రిల్ 23న క్లాన్‌టార్ఫ్ యుద్ధంలో బ్రయన్, కొడుకు ముర్‌ఖద్, మనవడు ముగ్గురూ చనిపోయారు. మిగిలిన కొడుకుల్లో దొన్నఖద్ 1023లో తాయ్గ్‌ను చంపించాడు. తాయ్గ్ కొడుకు తర్లో లెన్‌స్టర్ రాజు అండతో 1063లో బాబాయిని గద్దె దించాడు. దొన్నఖద్ రోమ్ యాత్రకు వెళ్ళి 1064లో అక్కడే చనిపోయాడు.

## చివరి ఘట్టం

ఆడపిల్లకు రాజ్యం రాదా? మరి నార్మన్ ప్రభువు స్ట్రాంగ్‌బోకు లెన్‌స్టర్ ఎలా వచ్చింది?

ఐరిష్ చట్టంలో కొడుకుల్లేని తండ్రి భూమిని కూతురు బతికున్నంతకాలం అనుభవించొచ్చు. రాజ్యం మాత్రం రాదు, ఆమె భర్తకు అసలే రాదు. డెర్మట్ మాక్‌మరో 1166లో దేశం నుంచి తరిమివేతకు గురై, నార్మన్ల సాయం తెచ్చుకుని, కూతురు ఈఫాను 1170లో స్ట్రాంగ్‌బోకిచ్చి పెళ్ళి చేశాడు. తన తర్వాత లెన్‌స్టర్ అల్లుడిదని మాటిచ్చాడు. నార్మన్ లెక్కలో అది మామూలు విషయం. ఐరిష్ లెక్కలో డెర్మట్‌కు ఇవ్వడానికి ఆ హక్కే లేదు. డెర్మట్ కొడుకుల్లో ఒకరి కళ్ళు 1168లో పోయాయి, బందీగా ఉన్న ఇంకొకరిని 1170లో రోరీ ఓకానర్ చంపించాడు. దోనల్ కవనా మిగిలాడు. 1171లో డెర్మట్ పోయాక స్ట్రాంగ్‌బో నిలబడింది సైన్యం వల్లే.

ఇదంతా మనకెలా తెలుసు? నమ్మొచ్చా?

మఠాల్లో ఏటేటా రాసిన అనల్స్, రాజుల జాబితాలు, వంశావళులు, చట్టగ్రంథాలు ఉన్నాయి. అనల్స్‌ను ఎక్కువ నమ్మొచ్చు. జాబితాల దగ్గర జాగ్రత్త కావాలి, అవి గెలిచిన ఇంటి కోసం తయారైనవి. ఓడిన పోటీదారు జాబితాలో ఉండడు, అదే ఏడాది అనల్స్‌లో "ఫలానా రీగ్‌దమ్నా హతుడు" అని ఒక్క వాక్యంగా కనిపిస్తాడు. రెండూ పక్కన పెట్టుకుని చదివితేనే పోటీ అసలు స్వరూపం తెలుస్తుంది.

ఈ గొడవల వల్లే నార్మన్లు గెలిచారంటారు, నిజమా?

కొంతవరకే. దాయాది పోరు ఇంగ్లండ్‌లోనూ ఉంది, రెండవ హెన్రీ మీద సొంత కొడుకులే 1173లో తిరగబడ్డారు. నార్మన్లకు కోటలు, ఇనుప కవచాలు, వెనక ఒక పెద్ద రాజ్యం ఉన్నాయి. ఐర్లండ్‌లో ప్రతి ఇంట్లోనూ సాయం కోసం చూస్తున్న ఒక దాయాది దొరికాడన్నది మాత్రం నిజం.

ఆఖరి హై కింగ్ రోరీ ఓకానర్ ఇంట్లో కూడా దొరికాడు. 1177లో కొడుకు ముర్‌ఖద్ నార్మన్ సైన్యాన్ని కొనాక్ట్‌లోకి తీసుకొచ్చాడు. రోరీ ఆ కొడుకు కళ్ళు తీయించాడు. 1183లో రాజ్యం వదిలి కాంగ్ మఠానికి వెళ్ళాడు, మనసొప్పక తిరిగొచ్చాడు, 1186లో ఇంకో కొడుకు కొన్‌ఖొవర్ ఆయన్ని వెళ్ళగొట్టాడు. 1189లో సొంతవాళ్ళే ఆ కొన్‌ఖొవర్‌ను చంపారు. పీఠం చివరికి రోరీ తమ్ముడు కాథల్‌కు దక్కింది. రోరీ 1198లో కాంగ్‌లో చనిపోయాడు. క్లాన్‌మక్‌నాయిస్‌లో, తనను ఒకప్పుడు సంకెళ్ళలో పెట్టిన తండ్రి తర్లో సమాధి ఉన్న చర్చిలోనే, ఆయన్నీ పాతిపెట్టారు.